2003 క్వాలిస్: క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతోంది, రివర్స్ గేరు గర్రుమంటోంది

తెనాలి_క్వాలిస్:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 2003 క్వాలిస్ గురించి అడుగుతున్నాను. 2.4 డీజిల్. పెళ్లిళ్లకైనా తిరుపతికైనా ఇంటిల్లిపాదీ వెళ్లేది ఇందులోనే. అమ్మే ఉద్దేశం లేదు. సరిగ్గా బాగు చేయించుకుని ఇంకా చాలా ఏళ్లు నడుపుకోవాలని ఉంది.

క్లచ్ తొక్కితే పైన సగం దాకా కాలికి ఏమీ తగలదు, మెత్తగా లోపలికి పోతుంది. ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఫర్వాలేదు. మధ్యాహ్నం బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో కాసేపు ఇరుక్కుంటే మాత్రం ఫస్ట్ గేరు పడనంటుంది, రివర్స్ వేస్తే గర్రుమంటుంది. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే పెడల్ పైకొస్తుంది, అప్పుడు గేరు పడుతుంది.

ఒక గ్యారేజీలో చూపిస్తే కింద సిలిండర్‌కి రబ్బరు కిట్ వేసి, ఆయిల్ లైనులోని ఎయిర్ తీసి ఇచ్చారు. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మామూలే. ఇప్పుడేమో గేరుబాక్సు దించి క్లచ్ సెట్ మొత్తం మార్చాలంటున్నారు. అంత ఖర్చు పెట్టేముందు తేడా ఎక్కడుందో తేల్చుకోవాలని ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?

రింగుపానా:

గేరుబాక్సు జోలికి ఇప్పుడే పోవద్దండి. గబగబా తొక్కితే గేరు పడుతోందంటే క్లచ్ ప్లేటూ, దాన్ని నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటూ తమ పని తాము చేస్తున్నట్టే. ప్రెజర్ ప్లేటు వేళ్లు అరిగినా, క్లచ్‌ని విడదీసే ఫోర్కు వంగినా పెడల్ ఎన్నిసార్లు తొక్కినా ఒకేలా ఉంటుంది. తొక్కేకొద్దీ మారుతోందంటే తేడా ఆయిల్ లైనులోనే ఉంది.

ముందు కళ్లతో చూసేవి చూసి చెప్పండి. బానెట్ ఎత్తితే ఫైర్‌వాల్ మీద చిన్న క్లచ్ ఆయిల్ డబ్బా ఉంటుంది. లెవెల్ తగ్గుతోందా, ఆయిల్ ఏ రంగులో ఉంది? డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి, పెడల్ రాడ్ మాస్టర్ సిలిండర్‌లోకి (ఆయిల్‌ని తోసే పై సిలిండర్) దూరే చోట వేలితో తుడిచి చూడండి, తడి ఉందా? కింద స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది) రబ్బరు బూటు కొంచెం వెనక్కి లాగండి, లోపల ఆయిల్ ఉందా?

డీజిల్_గుండె:

ఇంత పరిశోధన దేనికి బ్రదర్? బండికి 20 ఏళ్లు దాటాయి. పై సిలిండర్, కింద సిలిండర్, మధ్యలో హోసు, మూడూ కొత్తవి వేసేయండి. క్వాలిస్ సామాను విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది. ఒక్క పూటలో పని అయిపోతుంది.

రింగుపానా:

మూడూ మార్చాల్సి వస్తే మారుద్దాం. అయితే తేల్చుకోకుండా మారిస్తే వచ్చే చిక్కు వేరే ఉంది. మార్కెట్‌లో కొత్త సిలిండర్లన్నీ ఒక నాణ్యతలో ఉండవు. బాగా పనిచేస్తున్న ఒరిజినల్ తీసేసి ఏదో కంపెనీది వేస్తే, మళ్లీ మెత్తబడినప్పుడు పాత తేడానా కొత్త తేడానా అన్నది ఎవరూ చెప్పలేరు. ఈయన విషయంలో ఒకసారి అలాగే అయింది కదా, కింద కిట్ మార్చినా తేడా పోలేదు.

తెనాలి_క్వాలిస్:

ఇప్పుడే చూశాను. డబ్బాలో లెవెల్ గీత దగ్గరే ఉంది, గ్యారేజీ నుంచి వచ్చాక అసలు తగ్గలేదు. కానీ ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. డబ్బా అడుగున నల్లటి మడ్డి పేరుకుంది. మూత లోపలి రబ్బరు మామూలుగానే ఉంది. మ్యాట్ కింద పొడిగా ఉంది. కింద బూటు లోపల కూడా పొడే.

పాతబండి_హైద్:

బయట ఎక్కడా తడి లేదు, లెవెల్ తగ్గలేదు. అంటే బయటి లీకు లేదు. మిగిలినవి మూడు: లైనులో గాలి, లోపలి లీకు, లేదా ఏదో ఒకటి ఉబ్బడం. మూత రబ్బరు ఉబ్బకపోవడం మంచి గుర్తు. ఎవరైనా పొరపాటున ఇంజిన్ ఆయిలో స్టీరింగ్ ఆయిలో పోసి ఉంటే ముందు ఆ రబ్బరే ఉబ్బి జిగురుగా తయారవుతుంది. అలాంటప్పుడు లోపలి సీళ్లన్నీ పోయినట్టే లెక్క.

ఇక్కడ ఒక్క విషయం విడదీసి చూడాలి. పెడల్ మెత్తగా ఉండటం వేరు, తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోవడం వేరు. మెకానిక్‌కి చెప్పేటప్పుడు రెండింటినీ కలిపి "క్లచ్ లూజుగా ఉంది" అనేస్తాం. ఆయన తనకి అలవాటైన భాగం మార్చేస్తాడు. మెత్తదనం అంటే మీరు తోసిన ఆయిల్ దేన్నో నొక్కడానికో ఉబ్బించడానికో పోతోంది. గాలి నొక్కుకుంటుంది, పాత హోసు ఉబ్బుతుంది. కాలు తీస్తే అదంతా వెనక్కి వచ్చేస్తుంది. దిగిపోవడం అంటే ఆయిల్ సీలు పక్కనుంచి జారిపోతోంది. మాస్టర్ సిలిండర్‌లో మెయిన్ కప్పు సీలు పెదవి అరిగితే ఆయిల్ దాన్ని దాటి మళ్లీ డబ్బాలోకే వెళ్తుంది. అందుకే లెవెల్ తగ్గదు, కింద చుక్క కనిపించదు.

ఎంత చిన్న తేడా ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూడండి. చాలా సిలిండర్ల బాడీ మీద బోరు (లోపలి వ్యాసం) సైజు అచ్చుపోసి ఉంటుంది. ఉదాహరణకి పైది 5/8 అంగుళం, కిందది 3/4 అంగుళం అనుకుందాం. పై పిస్టన్ 20 మి.మీ. కదిలితే కింది పిస్టన్ 14 మి.మీ. కదులుతుంది. ఇందులో ఒక్క మిల్లీలీటరు ఆయిల్ దారి తప్పిందనుకోండి, కింద మూడున్నర మి.మీ. పోయినట్టే. ప్లేటు పూర్తిగా విడిపోదు, ఇంజిన్ తిప్పుడు గేరుబాక్సుకి అందుతూనే ఉంటుంది. రివర్స్ గర్రుమనేది అందుకే.

కాబట్టి రెండు పరీక్షలు చేయండి. మొదటిది: ముందూ వెనకా ఖాళీ ఉన్న చదునైన చోట, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పెడల్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేయండి. కాలు కదపకుండా నిమిషం పాటు అలాగే పట్టుకోండి. రెండో కాలు బ్రేక్ మీద సిద్ధంగా ఉండాలి, నొక్కకూడదు. కాసేపటికి బండి ముందుకి పాకడం మొదలుపెడితే మాస్టర్ లోపల లీకు ఉన్నట్టే. రెండోది: ఇంజిన్ ఆపేసి, ఒకరు పెడల్ తొక్కుతుంటే మీరు కింద స్లేవ్ రాడ్ ఎంత కదులుతోందో స్కేలు పెట్టి కొలవండి. ఒకసారి మామూలుగా, ఒకసారి గబగబా తొక్కాక. రాడ్ నిండుగా కదిలినా గేరు గర్రుమంటే అప్పుడు గేరుబాక్సు లోపల చూడాలి. రాడ్ కదలికే తక్కువైతే గేరుబాక్సు దించడం దండగ.

అరకు_ఘాట్:

ఆయిల్ డికాషన్ రంగు అన్నారు కాబట్టి నాది చెప్తాను. నాదీ క్వాలిసే, అరకు ట్రిప్పులు తిప్పుతాను. అనంతగిరి ఘాట్‌లో ఫుల్ లోడుతో, లారీల వెనక క్లచ్ మీద క్లచ్ కొట్టుకుంటూ ఎక్కినప్పుడు పెడల్ ఉన్నట్టుండి అడుగుకి పోయేది. పైన టీ తాగి గంట ఆగితే మళ్లీ మామూలుగా అయ్యేది. సిలిండర్లు రెండూ బాగానే ఉన్నాయని తేలింది. ఆయిల్ మార్చాక ఆ బాధ పోయింది.

క్లచ్ డబ్బాలో పోసేదీ బ్రేక్ ఆయిలే, అది గాల్లోని తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక లెక్కగట్టే హద్దు 140 డిగ్రీలే. డాట్ 4 అయితే 230, 155. ఘాట్‌లో బెల్ హౌసింగ్ (క్లచ్ చుట్టూ ఉండే డొప్ప) వేడికి పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తే, అవీ గాలిలాగే నొక్కుకుంటాయి. బ్రేక్ ఆయిల్ మార్చేవాళ్లలో చాలామంది పక్కనే ఉన్న క్లచ్ డబ్బాని వదిలేస్తారు. దాన్ని కూడా రెండేళ్లకోసారి మార్చాలి.

తెనాలి_క్వాలిస్:

పరీక్షలు చేశాను. ఫస్ట్ గేరులో పట్టుకుంటే మొదట బండి కదల్లేదు, కాసేపయ్యాక మెల్లగా పాకింది. ఇంజిన్ వేడెక్కాక చేస్తే ఇంకా త్వరగా పాకింది. కింద రాడ్ మామూలుగా తొక్కితే 9 మి.మీ. కదిలింది, గబగబా తొక్కాక 13. మా తమ్ముడు పెడల్ తొక్కి పట్టుకుంటే ఆ 13 కూడా నెమ్మదిగా వెనక్కి వచ్చింది. అంటే మాస్టర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

రింగుపానా:

మాస్టర్ పోయిందన్నది ఖాయం. వేడెక్కితే త్వరగా పాకడం కూడా దానికి సరిపోయింది. వేడికి ఆయిల్ పలచబడుతుంది, అరిగిన సీలు పక్కనుంచి సులువుగా జారుతుంది. అయితే మీరు మొదట చెప్పిన మెత్తదనం మాస్టర్ ఒక్కదానితో రాదు. అక్కడ గాలైనా ఉండాలి, హోసైనా ఉబ్బుతుండాలి. మాస్టర్ మార్చి మెత్తదనం పోకపోతే మళ్లీ మొదటికొస్తుంది కథ. అందుకే ఇంకో పరీక్ష చేయండి.

స్లేవ్ సిలిండర్‌కి వెళ్లే రబ్బరు హోసుని రెండు చోట్ల బిగించి చూడాలి. మొదట పైన, ఇనప పైపు కలిసే చోట బిగించండి. ఇప్పుడు మాస్టరూ ఇనప పైపూ మాత్రమే లైనులో ఉన్నాయి. పెడల్ పైనే రాయిలా ఆగాలి. అప్పుడూ మెత్తగా ఉంటే గాలి పైనే ఉంది. గట్టిగా ఆగితే పైన గాలి లేదు. తర్వాత పై బిగింపు తీసి, కింద సిలిండర్ పక్కన బిగించండి. ఇప్పుడు హోసు కూడా లెక్కలోకి వచ్చింది. గట్టిగా ఆగితే హోసు మంచిదే, తేడా స్లేవ్‌లో ఉంది, లేదా దానిలో గాలి ఉండిపోయింది. మెత్తబడితే హోసే.

డాలస్_పికప్:

ఒక మాట. ఇంత పాత హోసుని బిగిస్తే లోపలి పొర చిట్లే అవకాశం ఉంది. చిట్లిన ముక్క వాల్వులా అడ్డం పడితే పెడల్ వదిలినా ఆయిల్ వెనక్కి రాదు, క్లచ్ స్లిప్ అవుతుంది. నేను ఇక్కడ 90ల నాటి టొయోటా పికప్ నడుపుతున్నాను, దానికీ బయట స్లేవే, వరస అంతా ఇదే. హోసు ఎలాగూ మార్చేస్తాను అనుకున్నప్పుడే బిగించి చూడాలన్నది నా పద్ధతి.

రింగుపానా:

నిజమే. తెనాలి గారూ, కొత్త హోసు చేతిలో పెట్టుకునే చేయండి. కటింగ్ ప్లేయర్‌తో నేరుగా పట్టకండి, గుండ్రటి దవడలున్న హోసు క్లాంపు వాడండి. బిగించి ఉన్నప్పుడు పెడల్‌ని బలమంతా పెట్టి తొక్కొద్దు, కాలితో పట్టు తెలిసేంత చాలు.

మారుతి_పాతికేళ్లు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా 800కి కూడా క్లచ్ మెత్తగా ఉంది. ఈ పరీక్షలు దానికీ పనికొస్తాయా?

పాతబండి_హైద్:

800కి ఆయిల్ లైను ఉండదండి, కేబుల్ క్లచ్. కేబుల్ తీగలు తెగుతున్నాయేమో, కేబుల్ ఆనే బ్రాకెట్ వంగుతోందేమో చూడండి. ఫోర్కు చివర నట్టుతో ఫ్రీప్లే (పట్టు దొరికేముందు ఉండే ఆట) సరిచేయొచ్చు. వేరే చర్చగా పెడితే వివరంగా రాస్తాను.

తెనాలి_క్వాలిస్:

కొత్త హోసు తెచ్చిపెట్టుకుని, ఆదివారం మా తమ్ముడితో కలిసి చేశాం. బండి కింద స్టాండ్లు పెట్టాం, ఒక్క జాకీని నమ్మలేదు.

పైన బిగిస్తే పెడల్ పైనే గట్టిగా ఆగింది. కానీ తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగింది, అది మాస్టర్ సంగతి. కింద బిగించి తొక్కితే మళ్లీ అదే మెత్తదనం. టార్చి వేసి హోసు దగ్గర కళ్లు పెట్టాను. తమ్ముడు తొక్కినప్పుడల్లా, పై మెటల్ క్యాపు నుంచి రెండంగుళాల కిందికి, హోసు ఒక పక్కకి బుడిపెలా లేస్తోంది. కాలు తీస్తే సర్దుకుంటోంది. పైకి చూస్తే అక్కడ సన్నటి పగుళ్లు తప్ప ఏమీ లేవు. వేళ్లతో పట్టుకుంటే మాత్రం ఆ జాగా మిగతా హోసు కంటే మెత్తగా తెలుస్తోంది.

అంటే తేడాలు రెండు. మెత్తదనం హోసుది, దిగిపోవడం మాస్టర్‌ది. కింద సిలిండర్‌కి ఏమీ లేదు.

డీజిల్_గుండె:

చాలా బాగా చేశారు. నేను చెప్పినట్టు మూడూ మార్చినా బాగయ్యేది, కానీ మంచి స్లేవ్ తీసి పారేసేవాళ్లం. ఇంతకీ మాస్టర్‌కి రబ్బరు సీళ్ల కిట్ వేస్తారా, సిలిండర్ మొత్తం కొత్తది (అసెంబ్లీ) వేస్తారా?

పాతబండి_హైద్:

విప్పి చూడకుండా చెప్పలేం. పిస్టన్ బయటికి తీశాక బోరు లోపల శుభ్రమైన గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడండి. గోరు మొనతో మెల్లగా గీస్తూ రండి. ఎక్కడా తగలకుండా జారితే కిట్ చాలు. గీతకో గుంటకో గోరు తగిలితే కిట్ వేసినా ఆ గరుకు కొత్త సీలుని మళ్లీ కొరికేస్తుంది, అప్పుడు అసెంబ్లీయే. ఎమెరీ పేపర్ పెట్టి రుద్ది నునుపు చేద్దామంటారు కొందరు. బోరు పెరుగుతుంది, వద్దు.

రబ్బరు భాగాలని పెట్రోల్‌తో గానీ డీజిల్‌తో గానీ కడగొద్దు, ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే తడిపి ఎక్కించండి. ఆ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని, పడిన వెంటనే కడిగేయండి.

తెనాలి_క్వాలిస్:

మాస్టర్ విప్పాం. పిస్టన్‌తో పాటు సిరాలాంటి నల్లటి ఆయిల్ బయటికొచ్చింది. మెయిన్ సీలు పెదవి ఒక పక్క గుండ్రంగా అరిగిపోయింది, ఇంకో పక్క వాడిగానే ఉంది. బోరు అడుగు భాగంలో, తేమ నిలిచే చోట, ఆవగింజలంత గుంటలు వరసగా ఉన్నాయి. గోరు తగులుతోంది. అసెంబ్లీయే తెస్తున్నాను. పని మొదలుపెట్టే ముందు ఎయిర్ తీసే పద్ధతి ఎవరైనా వివరంగా చెప్తారా? గ్యారేజీలో ఎంతసేపు తీసినా రాలేదన్నారు, అందుకే టెన్షన్‌గా ఉంది.

డాలస్_పికప్:

క్లచ్ లైను సన్నగా ఉండి కింది నుంచి పైకి వెళ్తుంది. పెడల్ తొక్కి గాలిని కిందికి తోయాలని చూస్తాం, గాలేమో పైకే పోతుంది. అందుకే ఒక్కోసారి ఎంత తొక్కినా రాదు. కింది నుంచి పైకి ఎక్కించడం నాకు ఎప్పుడూ పనిచేసింది.

ముందు డబ్బాలోని పాత ఆయిల్ సిరంజితో లాగేసి, అడుగున మడ్డి శుభ్రంగా తుడవండి. కొత్త మాస్టర్‌ని బిగించే ముందే బెంచీ మీద ఆయిల్ పోసి, రాడ్ మెల్లగా నొక్కుతూ బుడగలు ఆగేదాకా ఆడించండి. బండికి బిగించాక పెద్ద సిరంజికి పారదర్శకమైన సన్న ట్యూబు తొడిగి, సీసా అప్పుడే తెరిచిన ఆయిల్ నింపి, ట్యూబులో బుడగ లేకుండా చూసుకోండి. స్లేవ్ బ్లీడర్‌కి (గాలి బయటికి వదిలే స్క్రూ) తొడిగి, బ్లీడర్ కొద్దిగా తిప్పి, నిదానంగా తోయండి. పైన ఒకరు డబ్బా చూస్తూ ఉండాలి, బుడగలు పైకొచ్చి పగులుతాయి. డబ్బా నిండేలోపు ఆపి, బ్లీడర్ బిగించి, పైన ఎక్కువైంది లాగేయండి. చివరికి మామూలు పద్ధతిలో ఇంకోసారి: నిదానంగా తొక్కి పట్టుకోవడం, బ్లీడర్ తెరవడం, మూయడం, అప్పుడే కాలు తీయడం. ఈ పనిలో గబగబా తొక్కితే ఆయిల్ నురగ కడుతుంది, బుడగలు చిన్నవై ఎక్కడపడితే అక్కడ అంటుకుంటాయి.

రింగుపానా:

దానికి ఒక్కటి కలుపుతాను. బ్లీడర్ తెరిచే ముందు స్లేవ్ పిస్టన్‌ని లోపలికి నొక్కిపెట్టి కదలకుండా పట్టుకుంటే సిలిండర్‌లో గాలి దాక్కునే చోటు తగ్గుతుంది.

కొత్త మాస్టర్ పెట్టాక పెడల్ రాడ్ సర్దుబాటు మర్చిపోవద్దు. పాత టొయోటాల్లో పెడల్ దగ్గర పుష్‌రాడ్ ఆట 1 నుంచి 5 మి.మీ. ఉండాలంటారు. అసలు ఆట లేకుండా బిగిస్తే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, డబ్బాలోకి వెళ్లే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తే వెనక్కి పోయే దారి లేక క్లచ్ కొంచెం నొక్కినట్టే ఉండిపోతుంది, కొత్త ప్లేటైనా స్లిప్ అయి కాలిపోతుంది. పెడల్ పిన్ను, అది దూరే రంధ్రం కూడా చూడండి. కోలగా అరిగితే అక్కడే కొన్ని మి.మీ. పోతాయి.

తెనాలి_క్వాలిస్:

పని పూర్తయింది. కింది నుంచి ఎక్కించినప్పుడు మొదట్లో నల్లటి ఆయిల్, తర్వాత ముత్యాల్లా బుడగలు, ఆ తర్వాత శుభ్రమైన ఆయిల్ వచ్చాయి. మామూలు పద్ధతిలో మళ్లీ తీస్తే ఒక్క బుడగ కూడా రాలేదు. పిన్ను అరిగింది, అది కూడా కొత్తది వేశాం. రాడ్ ఆట 3 మి.మీ. పెట్టాం.

ఇప్పుడు కింద రాడ్ 15 మి.మీ. కదులుతోంది. మామూలుగా తొక్కినా, గబగబా తొక్కినా అంతే. ఫస్ట్ గేరులో నిమిషం పట్టుకుంటే బండి ఉన్నచోటే ఉంది. మధ్యాహ్నం ఎండలో బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు దాకా ట్రాఫిక్‌లో నడిపాను, ఎక్కడా గేరు మొరాయించలేదు. రివర్స్ చప్పుడు లేకుండా పడుతోంది. నాన్నగారు నడిపి చూసి చాలా సంతోషించారు. రింగుపానా గారికీ, పాతబండి గారికీ, డాలస్ అన్నకీ, అందరికీ ధన్యవాదాలు. క్లచ్ సెట్ ముట్టుకోనే లేదు.

కర్నూలు_సుమో:

ఈ చర్చ మొత్తం చదివాను. నా సుమోకి పెడల్ మెత్తబడింది, కానీ నా డబ్బాలో ఆయిల్ తగ్గుతూనే ఉంది. మ్యాట్ కింద పొడిగా ఉంది. కింద బూటు లాగితే ఆయిల్ కారింది. ఇది స్లేవ్ సీలేనా?

రింగుపానా:

అవునండి, ఇది నేరుగా స్లేవే. మీరు క్లాంపు పరీక్ష చేయాల్సిన పని లేదు. బోరు గోరుతో చూసి కిట్టో అసెంబ్లీయో తేల్చుకోండి. బూటు లోపల కారిన ఆయిల్ బెల్ హౌసింగ్ వైపు పోయిందేమో చూసి తుడవండి, క్లచ్ ప్లేటుకి అంటకూడదు. తిరిగి బిగించేటప్పుడు బ్లీడర్ నిపుల్ పైపు కలిసే చోటు కంటే పైన ఉండాలి, లేకపోతే ఎంత తీసినా గాలి ఉండిపోతుంది. అప్పటిదాకా డబ్బా ఖాళీ కాకుండా రోజూ చూసుకోండి, దూరాలు వెళ్లొద్దు.